సరస్సు మీద ఒక తీరిక రోజు: పడవ విహారం, మెరీనా జీవితం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

సరస్సు మీద ఒక రోజు గడపాలనుకునేవాళ్లు మొదట పడవ గురించీ ఇంజన్ గురించీ అడుగుతారు. కాస్త అలవాటు పడ్డాక గాలి గురించీ, తాళ్ల గురించీ, పక్క పడవవాళ్ల గురించీ అడుగుతారు. రెండు రకాల ప్రశ్నలకూ ఇక్కడ జవాబులున్నాయి. వీటన్నిటి వెనుకా ఉన్న నమ్మకం ఒకటే: పొద్దున్నే అరగంట శ్రద్ధగా పని చేసుకుని, రోజు మధ్యలో కావాలనే ఖాళీ వదిలిపెట్టిన వాళ్లకే నీటి మీద తీరిక దొరుకుతుంది.

ఒక రోజులో ఎంత దూరం వెళ్లవచ్చు?

మీరు మనసులో అనుకున్న దూరంలో సగం పెట్టుకోండి. పడవల వేగాన్ని నాట్లలో చెబుతారు. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవకు దాని పొడవే హద్దు గీస్తుంది. నడుస్తున్నప్పుడు ముందు కొన దగ్గర ఒక అల, వెనుక ఒక అల లేస్తాయి. వేగం పెరిగే కొద్దీ ఆ రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. ఆ దూరం పడవ పొడవంత అయ్యాక, పడవ తాను లేపిన అలనే తాను ఎక్కాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఇంధనం ఎంత తగలేసినా వేగం పెద్దగా పెరగదు. నీటి మట్టం దగ్గర ఏడున్నర మీటర్ల పొడవున్న పడవకు ఆ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. హాయిగా నడిపితే తొమ్మిదో పదో వస్తుంది. పొద్దున గంటన్నర, సాయంత్రం గంటన్నర ప్రయాణం పెట్టుకుంటే మధ్యలో రోజంతా మీ చేతిలో ఉంటుంది.

నీటి పైకి లేచి దూసుకుపోయే తేలిక పడవలు ఈ హద్దును దాటేస్తాయి. అవి సరదాగానే ఉంటాయి, కాదనను. కానీ ఆ వేగంలో పక్కనున్నవాళ్ల మాట వినపడదు. ఒడ్డున కొంగను చూపించేలోగా అది వెనకబడిపోతుంది. విహారానికి నా ఓటు ఎప్పుడూ నెమ్మదికే.

సొంత పడవ లేదు. కొనాలా, అద్దెకు తీసుకోవాలా?

మొదట తెలిసినవాళ్ల పడవలో వెళ్లండి, తర్వాత అద్దెకు తీసుకోండి. కొనే ఆలోచన ఒక పూర్తి ఏడాది గడిచాక చేయవచ్చు. అద్దెకిచ్చేవాళ్లు పడవ చూపించేటప్పుడు ఇంజన్ ఆపే మీట, మంటలార్పే సిలిండర్, లంగరు, లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో మీ చేత్తో తీసి చూడండి. చూపిస్తే చాలదు, తీయగలగాలి. కొన్ని చోట్ల పడవ నడపడానికి అనుమతిపత్రం తప్పనిసరి; ఆ సరస్సు నియమాలు ముందే కనుక్కోండి.

పొద్దున ఎన్నింటికి బయలుదేరితే మంచిది?

వీలైనంత తెల్లవారగానే. ఎండెక్కే కొద్దీ నేల నీటికంటే త్వరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తుంది, దాని చోటులోకి సరస్సు మీది చల్లని గాలి వీస్తుంది. అందుకే చాలా సరస్సుల్లో పొద్దున అద్దంలా ఉన్న నీరు మధ్యాహ్నానికి గరుకెక్కుతుంది. సాయంత్రం నేల చల్లబడ్డాక మళ్లీ సద్దుమణుగుతుంది. కొండల మధ్య ఉన్న సరస్సుల్లో ఇది గడియారం పెట్టినట్టు జరుగుతుంది. ఇటలీలోని గార్డా సరస్సులో పొద్దున ఉత్తరం నుంచి పెలేర్, మధ్యాహ్నం దక్షిణం నుంచి ఓరా అనే గాలులు వీస్తాయి. అక్కడి తెరచాప పడవలవాళ్లు రోజును వాటికి తగ్గట్టు మలుచుకుంటారు.

మీరు వెళ్లే సరస్సుకూ ఇలాంటి స్వభావం ఒకటి ఉంటుంది. మెరీనాలో, అంటే పడవలు కట్టి ఉంచే రేవులో, ఏళ్ల తరబడి ఉంటున్నవాళ్లను అడిగితే ఒక్క నిమిషంలో చెబుతారు. పొద్దున గాలికి ఎదురుగా ఉన్న వైపు వెళ్లి, తిరుగు ప్రయాణంలో గాలి వెనక నుంచి వచ్చేలా చూసుకుంటే అలసిన సాయంత్రం సుఖంగా గడుస్తుంది.

సరస్సే కదా, సముద్రం కాదు కదా. వాతావరణ సూచన అంత జాగ్రత్తగా చూడాలా?

చూడాలి. సరస్సును చిన్నచూపు చూడటమే అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు. ఉత్తర అమెరికాలోని సుపీరియర్ సరస్సు విస్తీర్ణం సుమారు 82,100 చదరపు కిలోమీటర్లు. 1975 నవంబరు 10న 222 మీటర్ల పొడవున్న ఎడ్మండ్ ఫిట్జ్‌జెరాల్డ్ అనే సరుకు ఓడ అక్కడి తుఫానులో మునిగిపోయింది. అందులో ఉన్న 29 మందీ చనిపోయారు.

చిన్న సరస్సుల కష్టం మరో రకం. అక్కడ అలలు ఎత్తుగా ఉండవు గానీ పొట్టిగా, నిటారుగా, ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పడవ ఒక అల దిగి సర్దుకునేలోపే రెండోది కొడుతుంది. లోతు తక్కువైన కొద్దీ ఇది మరీ ఎక్కువ. ఉత్తర అమెరికాలోని ఈరీ పెద్ద సరస్సే అయినా సగటు లోతు 19 మీటర్లే; ఇలాంటి అలలకు అది పేరుపడింది ఊరికే కాదు. గాలి ఎంత దూరం అడ్డు లేకుండా నీటి మీద పరుగెడితే అలలు అంత పెరుగుతాయి కాబట్టి, పొడవాటి సరస్సులో గాలి పొడవు వెంబడి వీస్తోందా, అడ్డంగా వీస్తోందా అన్నది చూడాలి.

స్విట్జర్లాండ్ సరస్సుల ఒడ్డున నారింజ రంగు హెచ్చరిక దీపాలుంటాయి. నిమిషానికి 40 సార్లు వెలిగి ఆరుతుంటే గాలి పెరగవచ్చు, జాగ్రత్త అని. 90 సార్లు అయితే తుఫాను ముంచుకొస్తోందని. అలాంటి ఏర్పాటు లేని చోట ఆకాశమే ఆధారం. గోపురంలా పైకి ఎదుగుతున్న తెల్లటి మబ్బు, ఉన్నట్టుండి చల్లబడే గాలి, దూరాన నీటి మీద నల్లగా కదిలివచ్చే గీత కనబడితే ఒడ్డు వైపు తిరగండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై సెకన్ల లోపే ఉరుము వినపడితే పిడుగు మీ దాకా రాగల దూరంలో ఉన్నట్టే.

బయలుదేరే ముందు ఏమేం చూసుకోవాలి?

ముందుగా ముక్కుకు పని చెప్పండి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. అది పడవ అడుగున పేరుకుని, ఇంజన్ నుంచి వచ్చే ఒక్క రవ్వ కోసం కాచుకుని ఉంటుంది. ఇంజన్ పడవ లోపల ఉన్న రకమైతే గాలి లాగే ఫ్యాన్‌ను కనీసం నాలుగు నిమిషాలు నడిపించి, మూత ఎత్తి వాసన చూసి, ఆ తర్వాతే తాళం తిప్పండి. ఇంధనం పోయించుకున్న వెంటనే ఇది మరీ ముఖ్యం.

ఇంజన్ మొదలయ్యాక వెనక్కి వెళ్లి పొగగొట్టం చూడండి. సరస్సు నీటితో చల్లబడే ఇంజన్లలో ఆ గొట్టం నుంచి నీళ్లు లయగా చిమ్మాలి. నీళ్లు రాకపోతే, లేదా సన్నని ధారగా వస్తుంటే, వడపోత జల్లెడలో నాచో ఆకో అడ్డం పడి ఉంటుంది. అలాగే నడిపితే కొద్ది నిమిషాల్లోనే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. రెండు చూపుల పని, కానీ చాలామంది వదిలేస్తారు.

ఇంధనాన్ని మూడు వంతులుగా లెక్కపెట్టుకోండి: వెళ్లడానికి ఒకటి, రావడానికి ఒకటి, అనుకోని అవసరానికి ఒకటి. వేగపడవ అయితే ఇంజన్ ఆపే తాడు నడిపేవారి ఒంటికి తగిలించుకోవాలి; వారు పడిపోతే పడవ తనంతట తాను తిరుగుతూ వారి మీదికే రాకుండా కాపాడేది అదే. ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఒడ్డున ఎవరికైనా చెప్పండి. ఫోను తడవని సంచిలో పెట్టండి.

లైఫ్ జాకెట్ ఎప్పుడూ వేసుకునే ఉండాలా?

పిల్లలు, ఈత రానివాళ్లు పడవ కదులుతున్నా ఆగి ఉన్నా, జెట్టీ (పడవలు కట్టే వేదిక) మీద నడుస్తున్నా వేసుకునే ఉండాలి. మిగతావాళ్లు నీరు చల్లగా ఉన్నప్పుడు, గాలి ఉన్నప్పుడు, చీకట్లో, ఒంటరిగా ఉన్నప్పుడు తప్పక వేసుకోవాలి. నన్నడిగితే అందరూ ఎప్పుడూ వేసుకోవడమే మంచిది. నీళ్లలో పడ్డాక దాన్ని తొడుక్కోవడం ఎంత కష్టమో ఒకసారి ఈత కొలనులో ప్రయత్నించి చూడండి, ఇక ఎవరూ చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు అది ఎంత బలంగా తేల్చగలదో చెప్పే న్యూటన్ల అంకె చూడండి. 50 న్యూటన్లది ఈత వచ్చినవాళ్లకు, ఒడ్డు దగ్గర సాయం అందే చోట పనికొచ్చేది. 100 అయితే ప్రశాంతమైన నీటికి సరిపోతుంది. 150 రకం, స్పృహ తప్పిన మనిషిని కూడా వెల్లకిలా తిప్పి ముఖాన్ని నీటి పైన ఉంచాలన్న లెక్కతో చేసినది. పిల్లలకు వారి బరువుకు తగినదే కావాలి, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ తప్పనిసరి. పెద్దయ్యాక సరిపోతుందని వదులుగా ఉన్నది కొనవద్దు. అది పైకి జారి తలను దాటిపోతుంది.

నాకు ఈత రాదు. నేను రావచ్చా?

నిస్సందేహంగా రండి. లైఫ్ జాకెట్ వేసుకోండి, నడిపేవారికి ముందే చెప్పండి.

జెట్టీకి పడవను తెచ్చి కట్టడమంటే భయం. ఎలా నేర్చుకోవాలి?

భయం సహజం, ఎందుకంటే పడవకు బ్రేకులు లేవు. పైగా చుక్కాని తిప్పితే మొదట కదిలేది వెనుక భాగం. ముందు కొన తిరుగుతున్నట్టు కనిపించినా నిజానికి తోక పక్కకు జరుగుతోంది. ఇది ఒంటికి పట్టేదాకా విశాలమైన చోట, నీటి మీద గుర్తుగా తేలే బుయ్యనే జెట్టీ అనుకుని, దాని పక్కకు వచ్చి ఆగడం సాధన చేయండి.

వచ్చేటప్పుడు ముందు కాసేపు దూరంగా ఆగి గాలి చూడండి. జెండాలు ఎటు ఎగురుతున్నాయి? ఇంజన్ న్యూట్రల్‌లో పెడితే పడవ ఎటు కొట్టుకుపోతోంది? వీలైతే గాలికి ఎదురుగా రండి, అప్పుడు గాలే మీకు బ్రేకు. ఫెండర్లూ (పడవ జెట్టీకి రాసుకోకుండా వేలాడదీసే మెత్తలు) తాళ్లూ రెండు పక్కలా ముందే సిద్ధం చేయండి. జెట్టీని ఎంత వేగంతో గుద్దినా పరవాలేదనిపిస్తుందో, అంత వేగంతోనే దాని దగ్గరికి రావాలి.

ఇంకొక సంగతి. ఒకే ప్రొపెల్లర్ ఉన్న పడవలు రివర్స్ వేసినప్పుడు తిన్నగా వెనక్కి పోవు, తోక ఒక పక్కకు లాగుతుంది. వెనక నుంచి చూస్తే కుడికి తిరిగే ప్రొపెల్లర్ అయితే రివర్స్‌లో తోక ఎడమకు పోతుంది. మీ పడవ ఎటు లాగుతుందో తెలుసుకుంటే అదే వరమవుతుంది: ఎడమ పక్కను జెట్టీకి ఆనించాలనుకుంటే ఏటవాలుగా వచ్చి, కాస్త రివర్స్ వేయండి, తోక తనంతట తానే వచ్చి జెట్టీని ఆనుకుంటుంది.

పడవ ఆగాక కట్టే తాళ్లు సాధారణంగా నాలుగు. ముందు నుంచి ఒకటి, వెనుక నుంచి ఒకటి పడవను జెట్టీకి దగ్గరగా ఉంచుతాయి. ముందు నుంచి వెనక్కి, వెనుక నుంచి ముందుకు ఏటవాలుగా వెళ్లే మరో రెండు అది ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపుతాయి. జెట్టీ మీద తాడు కట్టడానికి ఉండే రెండు కొమ్ముల క్లీట్‌కు తాడు చుట్టేటప్పుడు పడవకు దూరంగా ఉన్న కొమ్ము కిందికి మొదట తీసుకెళ్లి, అడుగున ఒక పూర్తి చుట్టు తిప్పి, రెండు కొమ్ముల మీదుగా ఎనిమిది అంకెలా ఒకటి రెండు సార్లు వేసి, ఆఖరి మడతను తిరగేసి బిగించాలి. సరిగ్గా పడితే తాడు కొస కొమ్ము మీది మడత కిందుగా, పక్క మడతకు సమాంతరంగా బయటికి వస్తుంది. ఎంత బరువు లాగినా జారదు, విప్పాలనుకుంటే ఒక్క క్షణంలో వస్తుంది. పది చుట్లు చుట్టిన క్లీట్ చూడటానికి గట్టిగా ఉంటుంది గానీ, అవసరమైనప్పుడు చేతికి రాదు.

గాలి పడవను జెట్టీకేసి అదుముతుంటే బయటపడటానికీ తాడే సాయం. ముందు కొన నుంచి వెనక్కి వెళ్లే ఏటవాలు తాడు ఒక్కటి ఉంచి, ముందు మూల దగ్గర ఫెండర్ పెట్టి, చుక్కానిని జెట్టీ వైపు తిప్పి, నెమ్మదిగా ముందుకు నడపండి. పడవ ముందుకు పోలేదు కాబట్టి తోక బయటికి తిరుగుతుంది. అప్పుడు తాడు తీసేసి రివర్స్‌లో బయటికి రండి.

ఎవరూ కాలితో గానీ చేత్తో గానీ పడవను ఆపబోకూడదు. గీత పడిన పడవకు రంగు వేసుకోవచ్చు. నలిగిన వేలు అలా కాదు.

ఎదురుగా మరో పడవ వస్తే ఎవరు దారి ఇవ్వాలి?

సముద్రాల మీద 1972 నాటి అంతర్జాతీయ నియమాలు 1977 నుంచి అమల్లో ఉన్నాయి. చాలా సరస్సుల సొంత నియమాల్లోనూ ఇవే మూలసూత్రాలు కనిపిస్తాయి. రెండు ఇంజన్ పడవలు ఎదురెదురుగా వస్తే రెండూ కుడికి తిరగాలి. అడ్డంగా వస్తుంటే, మీ కుడి పక్కన కనిపించే పడవకు మీరు దారి ఇవ్వాలి. దాటి వెళ్లేవారు, ఎవరైనా సరే, పక్కకు తప్పుకుని దాటాలి. తెరచాపతో నడిచే పడవకు ఇంజన్ పడవ తప్పుకోవాలి. ప్రయాణికుల పెద్ద పడవలు కనిపిస్తే నియమం ఏదైనా దూరంగా ఉండండి, అవి చప్పున ఆగలేవు.

రాత్రి దీపాలు ఇదే సంగతి చెబుతాయి. పడవ ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ, వెనుక తెలుపు. మీ కుడి వైపు ఎర్ర దీపం కనిపిస్తే అవతలి పడవ మీకు అడ్డంగా వెళ్తోంది, మీరే ఆగాలి. చిన్న హారన్ ఒకటి అంటే కుడికి తిరుగుతున్నానని, రెండు అంటే ఎడమకని, మూడు అంటే ఇంజన్ రివర్స్‌లో ఉందని. అయిదు వినిపిస్తే మీరేం చేస్తున్నారో అవతలివారికి అర్థం కావడం లేదని. వెంటనే వేగం తగ్గించండి.

బుయ్యల రంగుల విషయంలో ప్రపంచం రెండుగా చీలి ఉంది. రేవులోకి వచ్చేటప్పుడు ఎర్ర బుయ్యలు అమెరికా ఖండాల్లో, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్‌లలో కుడి పక్కన ఉంటాయి. మిగతా చోట్ల ఎడమ పక్కన. కొత్త నీళ్లలోకి వెళ్లేముందు పటం చూసి నిర్ధారించుకోండి.

లంగరు ఎక్కడ వేయాలి? ఎంత తాడు వదలాలి?

గాలికి చాటుగా ఉన్న వంపులో, బురదో ఇసుకో ఉన్న అడుగు మీద. నాచు దట్టంగా ఉన్న చోట లంగరు నేలను పట్టుకోదు, నాచునే పట్టుకుని జారుతుంది. ఆనకట్టల వల్ల ఏర్పడ్డ జలాశయాల్లో మునిగిన చెట్ల మొద్దులుంటాయి. లంగరు ఇరుక్కుంటే మళ్లీ పైకి రాదు.

తాడు విషయంలో పిసినారితనం వద్దు. లంగరు తన బరువుతో పడవను ఆపదు; దాని కొండి నేలలో గుచ్చుకోవాలి, అలా గుచ్చుకోవాలంటే లాగే తాడు నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. అందుకే లోతుకు అయిదు నుంచి ఏడు రెట్లు తాడు వదలాలంటారు. లోతు 4 మీటర్లు, నీటి మట్టం నుంచి పడవ ముందు కొన ఎత్తు మరో మీటరు అనుకుందాం. మొత్తం 5. అంటే ప్రశాంతంగా ఉన్నప్పుడు 25 మీటర్లు, గాలి ఉంటే 35. మొత్తం గొలుసే అయితే దాని బరువే కిందికి లాగుతుంది కాబట్టి ఇంకాస్త తక్కువ చాలు.

గాలికి ఎదురుగా వచ్చి ఆగి, లంగరును విసరకుండా నెమ్మదిగా దించండి. పడవ వెనక్కి జరుగుతుండగా తాడు వదులుతూ పొండి. చివర్లో ఇంజన్‌ను కాసేపు రివర్స్‌లో నడిపి, తాడు మీద అరచేయి ఆనించండి. లంగరు పట్టుకుంటే తాడు బిగిసి నిశ్చలంగా ఉంటుంది. జారుతుంటే గరగరమని సన్నగా వణుకుతుంది, ఆ వణుకు చేతికి స్పష్టంగా తెలుస్తుంది. తర్వాత ఒడ్డున ఒకే గీతలో ఉన్న రెండు గుర్తులు, చెట్టూ దాని వెనుక కొండ అంచూ లాంటివి ఎంచుకోండి. పావుగంట తర్వాత కూడా అవి ఒకే గీతలో ఉంటే నిశ్చింతగా కూర్చోవచ్చు.

గాలి మారితే పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. ఆ వలయంలో ఒడ్డూ రాయీ ఇంకో పడవా లేకుండా చూసుకోవాలి. ముందుగా వచ్చినవారిదే హక్కు. వెనక వచ్చినవారు చోటు వదలాలి. లంగరును ఎప్పుడూ వెనుక భాగానికి మాత్రం కట్టవద్దు. చిన్న పడవలు అలా కట్టినప్పుడు వెనుక నుంచి అలలు ఎక్కి మునిగిపోతాయి.

లంగరు వేశాక అంతసేపు ఏం చేస్తాం?

ఈ ప్రశ్న అడిగేవాళ్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే వాళ్లు ఇంకా ఆ అనుభవానికి దూరంగానే ఉన్నారు. ఇంజన్ ఆపాక మొదటి అయిదు నిమిషాలు చెవుల్లో హోరు మిగిలి ఉంటుంది. తర్వాత ఒక్కొక్కటే వినపడటం మొదలవుతుంది. పడవ అంచు కింద నీళ్లు చప్పరించే చప్పుడు. ఒడ్డున రెల్లులో ఏదో పిట్ట. దూరంగా ఇద్దరు మాట్లాడుకుంటుంటే నీటి మీదుగా ప్రతి మాటా వచ్చి తాకుతుంది (మీ మాటలూ వాళ్లకు అలాగే వినపడుతున్నాయని గుర్తుంచుకోండి). పడవ మెల్లగా ఒక పక్కకు తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ రెండో పక్కకు తిరుగుతుంది. కూర్చున్న చోటు నుంచే కొండ, ఒడ్డు, నీరు వంతులవారీగా కళ్ల ముందుకొస్తాయి.

పుస్తకం తెచ్చుకోండి, చదవకపోయినా ఫరవాలేదు. పిల్లలుంటే ఒక గాలం, ఒక బకెట్, లోతు కొలవడానికి ముడులు వేసిన తాడు ఇవ్వండి. ఆ ముడుల తాడుతో గంటలు గడిచిపోతాయి. చేపలు పట్టడానికి చాలా చోట్ల అనుమతి కావాలి. నిద్ర వస్తే పడుకోండి, కానీ ఒకరు మెలకువగా ఉండి అప్పుడప్పుడు ఆ రెండు గుర్తులనూ చూస్తుండాలి. నీడ తప్పనిసరి. నీటి మీద వెలుగు పై నుంచీ కింద నుంచీ కూడా తగులుతుంది, టోపీ కింద ఉన్న ముఖం కూడా కమిలిపోతుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు నీటి మెరుపును తీసేసి అడుగున ఉన్న రాళ్లను చూపిస్తాయి. వాటితో చూస్తే కొన్ని ఫోను తెరలు మాత్రం నల్లగా కనిపిస్తాయి.

నీళ్లలోకి దిగి ఈదవచ్చా?

లంగరు వేసిన చోట, ఇంజన్ పూర్తిగా ఆపి తాళం తీసేశాక, నిచ్చెన దించాక దిగవచ్చు. నిచ్చెన దించకుండా దూకితే మళ్లీ పైకి ఎక్కలేరు; పడవ పక్క ఎత్తు నీళ్లలో నుంచి చూస్తేనే తెలుస్తుంది. తేలే తాడు ఒకటి వెనక వదలండి. ఇంజన్ గానీ జనరేటర్ గానీ నడుస్తుండగా వెనుక మెట్టు పట్టుకుని వేలాడకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, అది పడవ వెనుకే పేరుకుంటుంది.

ఎండాకాలంలో పైన గోరువెచ్చగా ఉన్న సరస్సు రెండు మూడు నిలువుల కింద ఒళ్లు జివ్వుమనేంత చల్లగా ఉండవచ్చు. వేడి నీరు తేలికై పైన తేలుతుంది, 4 డిగ్రీల దగ్గర నీరు అన్నిటికంటే బరువు కాబట్టి అడుగుకు చేరుతుంది. బాగా చల్లటి నీటిలో పడితే మొదటి నిమిషం ఊపిరి మీద అదుపు ఉండదు. ఆ నిమిషం ఈదబోకుండా తేలుతూ ఊపిరి కుదుర్చుకోవాలి. తర్వాత చేతులు మాట వినేది సుమారు పది నిమిషాలే. పైకి ఎక్కే పని ఆలోపే జరగాలి. నీటి మీద పచ్చటి రంగు కలిపినట్టు పొర తేలుతుంటే అది నీలి ఆకుపచ్చ నాచు కావచ్చు, కొన్ని రకాలు విషపూరితం. మీరూ దిగవద్దు, కుక్కనూ దించవద్దు.

మెరీనాలో పడవ పక్కనే దిగి చల్లబడితే?

వద్దు. ఎంత ఉక్కగా ఉన్నా, పిల్లలు ఎంత బతిమాలినా వద్దు. మెరీనాలో పడవలకు జెట్టీ నుంచి కరెంటు వస్తుంది. ఏదో ఒక పడవలో తీగ దెబ్బతింటే కరెంటు నీటిలోకి కారుతుంది. మంచినీటిలో ఉప్పు తక్కువ కాబట్టి అది కరెంటును సరిగ్గా మోయదు. మనిషి ఒంట్లో ఉప్పు ఉంటుంది కాబట్టి కరెంటుకు ఆ ఒళ్లే సులువైన దారి. ఉప్పునీటి కంటే సరస్సులో ఈ ప్రమాదం ఎక్కువ కావడానికి కారణం ఇదే. షాక్ కొట్టినట్టు అరుపూ ఉండదు. కండరాలు బిగుసుకుపోయి, మంచి ఈతగాళ్లు కూడా నిశ్శబ్దంగా మునిగిపోతారు.

నీళ్లలో ఉండగా ఒళ్లు చిమచిమలాడితే జెట్టీకి, ఇనుప నిచ్చెనకు దూరంగా, వచ్చిన దారినే ఈదండి. పైనున్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకకూడదు. ముందు కరెంటు ఆపాలి, తేలే చక్రం విసరాలి, ఆ తర్వాత మిగతాది.

పడవ నుంచి ఎవరైనా పడిపోతే?

గట్టిగా అరిచి అందరికీ చెప్పండి. ఒకరు వేలు చూపిస్తూ పడినవారి మీది నుంచి చూపు తిప్పకుండా ఉండాలి. తేలే వస్తువు ఏదైనా విసరండి. నెమ్మదిగా తిరిగి వచ్చి, పడినవారి దగ్గరికి రాగానే ఇంజన్ ఆపేయండి. వీహెచ్‌ఎఫ్ రేడియో ఉంటే ప్రాణాపాయంలో 16వ చానెల్‌లో ‘మేడే’ అని మూడు సార్లు చెప్పి, పడవ పేరు, ఉన్న చోటు, జరిగింది చెప్పాలి. ఇది పడవలో నడిపేవారితో పాటు కనీసం మరొకరికి తెలిసి ఉండాలి, ఎందుకంటే పడిపోయేది నడిపేవారే కావచ్చు.

మా పడవ లేపే అలల గురించి పక్కవాళ్లు కోప్పడ్డారు. న్యాయమేనా?

న్యాయమే. మీరు లేపిన అల ఎక్కడికి పోయి ఏం చేసినా బాధ్యత మీదే. జెట్టీకి కట్టిన పడవలో ఎవరో పొయ్యి మీద వేడినీళ్ల గిన్నె పట్టుకుని ఉండవచ్చు, నిచ్చెన మీద ఒక పిల్ల ఉండవచ్చు. ఒడ్డున రెల్లులో గూళ్లుంటాయి. ఆ గుడ్లు కొట్టుకుపోవడానికి ఒక్క పెద్ద అల చాలు. ఇంగ్లండ్‌లోని విండర్‌మియర్ సరస్సులో 2005 నుంచి 10 నాట్ల వేగ పరిమితి ఉంది.

అన్నిటికంటే పెద్ద అల పూర్తి వేగంలో రాదు. పడవ ముక్కు పైకెత్తి, తోక కుంగి, నీళ్లను దున్నుతున్నట్టు పోయే మధ్య వేగంలో వస్తుంది. కాబట్టి కొద్దిగా తగ్గించడం కొన్నిసార్లు ఇంకా చెడ్డది. పడవ సమంగా వాలి, వెనుక తెల్లని నురగ కనపడనంత వరకూ తగ్గించండి, అదీ ముందుగానే.

కడుపులో తిప్పుతుంటే?

లోపలి నుంచి బయటికి రండి, పడవ మధ్యలో కూర్చుని దూరాన ఒడ్డును చూడండి. ఫోను చూడవద్దు. వీలైతే చుక్కాని మీరే పట్టుకోండి. నడుపుతున్నవాళ్లకు తిప్పడం చాలా అరుదు.

మద్యం తీసుకోవచ్చా?

నడిపేవారు అస్సలు వద్దు, చాలా దేశాల్లో అది నేరం. మిగతావాళ్లు కూడా పడవ కట్టేశాకే. ఎండా గాలీ కుదుపూ కలిసి మత్తును పెంచుతాయి.

సాయంత్రం వేరే మెరీనాలో ఆగి రాత్రి అక్కడే ఉండాలంటే ఎలా?

మధ్యాహ్నానికే ఫోను చేసి చోటుందేమో కనుక్కోండి. మీ పడవ పొడవు, వెడల్పు, నీటిలో దిగే లోతు అడుగుతారు, ఆ మూడు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి. ఏ పక్కను జెట్టీకి ఆనించాలో అడిగితే తాళ్లు ఆ పక్కన సిద్ధం చేసుకోవచ్చు.

మీరు వస్తుంటే పక్క పడవలవాళ్లు చదువుతున్న పుస్తకం పక్కన పెట్టి తాడు అందుకోవడానికి లేచి వస్తారు. ఎవరూ అడగరు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెరీనా జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. తాడు ఇచ్చేటప్పుడు దాన్ని ఎక్కడ కట్టాలో స్పష్టంగా చెప్పండి, కట్టాక కృతజ్ఞతలు చెప్పండి. తర్వాత ఎవరైనా వస్తుంటే మీ వంతు. చోటు లేక పడవలను పక్కపక్కనే కట్టినప్పుడు, అవతలి పడవ మీదుగా జెట్టీకి వెళ్లాల్సి వస్తే ముందు భాగం మీదుగా దాటండి. వెనుక కూర్చునే చోటు వాళ్ల ఇంటి ముందుగది.

రాత్రి జనరేటర్ నడపవద్దు. తెరచాప తాళ్లు స్తంభానికి కొట్టుకుని టంగుటంగుమని మోగుతుంటే వాటిని పక్కకు లాగి కట్టండి. మీకు జోలపాటలా అనిపించవచ్చు గానీ పది పడవలవాళ్లు నిద్రపోరు. స్థిరమైన జెట్టీ అయితే తాళ్లకు కాస్త వదులు ఇవ్వండి. పెద్ద సరస్సుల్లో గాలి నీటిని ఒక చివరకు నెట్టేస్తుంది. ఈరీ సరస్సులో రెండు చివరల నీటి మట్టానికి రెండు మీటర్లకు పైగా తేడా వచ్చిన సందర్భాలున్నాయి.

పడవలో కరెంటు, వంట, మరుగుదొడ్డి ఎలా?

జెట్టీ కరెంటు తగిలించేటప్పుడు స్తంభం దగ్గర స్విచ్ ఆపి, తీగను ముందు పడవకు, తర్వాత స్తంభానికి గుచ్చండి. తీసేటప్పుడు ముందు స్తంభం నుంచి తీయండి. అప్పుడు కరెంటు ఉన్న కొస చేతిలో ఎప్పుడూ ఉండదు. జెట్టీకి దూరంగా ఉన్నప్పుడు బ్యాటరీయే దిక్కు. 12 వోల్టుల సాధారణ బ్యాటరీ వాడకుండా ఉంచి కొలిస్తే 12.6 దగ్గర నిండుగా, 12.2 దగ్గర సగం ఉన్నట్టు, అంతకంటే కిందికి దిగనీయకండి. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీ వేరుగా ఉండటం మంచిది.

వంట గ్యాస్ కూడా గాలికంటే బరువే, లీకైతే పడవ అడుగుకు చేరుతుంది. పొయ్యి ఆపాక సిలిండర్ దగ్గర కూడా గ్యాస్ ఆపేయండి. మరుగుదొడ్డి నీరు ట్యాంకులోకి పోతుంది. దాన్ని మెరీనాలోని పంపుతో ఖాళీ చేయించాలి, సరస్సులోకి వదలకూడదు. సముద్రంలా సరస్సుకు పోటూ పాటూ ఉండవు. వేసింది అక్కడే ఉంటుంది. ఎన్నో ఊళ్లు తాగేది ఆ నీళ్లే. గిన్నెలు కడిగే సబ్బు విషయంలోనూ చేయి బిగించండి.

వచ్చే వారం ఇదే పడవను మరో సరస్సుకు తీసుకెళ్తున్నాం. ప్రత్యేకంగా ఏమైనా చేయాలా?

ఈ ప్రశ్న అడిగేవాళ్లు తక్కువ, అందరూ అడగాల్సింది ఇదే. నల్ల సముద్రం, కాస్పియన్ ప్రాంతపు జీబ్రా ఆల్చిప్పలు 1980ల చివర్లో ఉత్తర అమెరికా మహా సరస్సుల్లో బయటపడ్డాయి. తెచ్చింది పెద్ద ఓడలు. అక్కడి నుంచి చుట్టుపక్కల సరస్సులకు మోసినవాటిలో మనలాంటివాళ్ల చిన్న పడవలున్నాయి. అవి నీటి గొట్టాలను పూడ్చేస్తాయి, మిగతా జీవాల ఆహారాన్ని వడగట్టి తినేస్తాయి, ఒకసారి స్థిరపడితే వదిలించడం దాదాపు అసాధ్యం. వాటి పిల్లలు కంటికి కనపడనంత చిన్నవి, గుక్కెడు నీటిలో ప్రయాణం చేయగలవు.

అందుకని పడవను నీటి నుంచి పైకి తీయగానే, ఆ రేవు దగ్గరే, అడుగున ప్లగ్ తీసి మొత్తం నీరు కారిపోనివ్వండి. ప్రొపెల్లర్‌కు, ట్రెయిలర్‌కు, లంగరు గొలుసు సందుల్లో చిక్కుకున్న నాచును చేత్తో తీసేయండి. వీలైతే వేడినీళ్లతో కడగండి. గాలం ఎర మిగిలితే సరస్సులో వదలకండి. తాళ్లు, ఫెండర్లు, లైఫ్ జాకెట్లు అన్నిటినీ విడివిడిగా పరిచి, వేలితో నొక్కినా తడి తగలనంత వరకు కొన్ని రోజులు ఎండనివ్వండి. తాడు పైకి పొడిగా కనిపించినా పురి లోపల తడి దాచుకుంటుంది, దాన్ని విప్పి చూడండి.